ఆయన ఏడ్చిండు, నాకు రాలే

నిర్మల్,
13 నవంబర్ 2024

చిరంజీవి శరత్‌కు అక్క ఆశీస్సులు.

శుక్రవారం నుంచి నీ ఫోను మోగి మోగి ఆగిపోతోంది. నిన్నటి నుంచి మోగడం కూడా లేదు. నా నంబరు ఆపేసి ఉంటావని మీ బావ అన్నారు. అందుకని పోస్టాఫీసుకు వెళ్లి కవరు తెచ్చుకున్నాను. కౌంటరులో ఉన్న అమ్మాయి నన్ను, కవరును మార్చి మార్చి చూసింది.

నీ కోపం దేనికో లస్మవ్వ చూపించింది. మా పక్కింటి లస్మవ్వ నీకు తెలుసు, శుక్రవారం పూజ అయ్యాక నాతో సినిమాకు వచ్చేది. ఆమె మనవరాలి ఫోనులో నేనున్నాను. కరీంనగర్‌లో హాలు మెట్ల మీద కొంగు కప్పుకొని నిలబడి ఉన్నాను. నేను అన్నది అన్నట్టే ఉంది, ఎవరూ మార్చలేదు.

"సిన్మా ఎట్లుందమ్మా?" అని మైకు పట్టుకున్నతను అడిగాడు.

"పాటలు వినబుద్ధైనయి. తక్కింది అంత లేదు."

"తండ్రి వేషం ఏసినాయన ఏడిపించిండా?"

"ఆయన ఏడ్చిండు. నాకు రాలే."

"ఆయన ఎవరో ఎర్కనా మీకు?"

"తెల్వదు."

ఇంతే. నిన్ను చిన్నబుచ్చాలని అన్న మాట ఇందులో ఒక్కటి లేదు. అడిగాడు, చెప్పాను. 'మల్యాల మలుపు'లో నువ్వు కొడుకు మీద పడి ఏడుస్తుంటే నాకు నీ గొంతు వినబడింది. మంచి గొంతు. ఆ సమయంలో గొంతు బాగుందని తట్టకూడదు.

కార్తీకం కదా, తెల్లవారి దీపం పెట్టేటప్పుడు నీ పేరు కూడా చెప్పుకుంటున్నాను. ఫోను తీయి.

అక్క,
జానకి

*

కరీంనగర్,
18 నవంబర్ 2024

శ్రీమతి జానకీబాయి గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. ఫోను ఎత్తను. ఎత్తితే మీరు 'ఊఁ' అంటారు, ఆ తర్వాత మాట్లాడరు, నేనే అరిచి అలసిపోవాలి. కాగితమైతే మీ మాట మీ మాటగా ఉంటుంది. రేపు కాదనడానికి వీలుండదు.

శుక్రవారం నేనెక్కడున్నానో మీకు తెలుసా? హైదరాబాదులో. మా డైరెక్టరు పర్శరాములు కారులో, హాలు నుంచి హాలుకు తిరుగుతున్నాం. ముందు సీట్లో ఆయన ఫోను చూస్తున్నాడు. మీ గొంతు వినబడింది. ఇంకోసారి వినబడింది. ఆయన వెనక్కి తిరగలేదు, ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి హాలు దగ్గర నన్ను దిగమనలేదు.

ఇప్పుడు ఊళ్లో ఎవరు ఏడ్చినా మీ గొంతే. పరీక్ష తప్పిన పిల్లవాడు ఏడిస్తే మీ గొంతు. ఎన్నికల్లో ఓడినవాడు ఏడిస్తే మీ గొంతు. అప్పగింతల్లో పెళ్లికూతురు ఏడిస్తే దాని మీద కూడా "ఆయన ఏడ్చిండు, నాకు రాలే". దానికొక డప్పు కూడా కలిపారు. కాలేజీలో నాతో పాఠం చెప్పినవాళ్లు నన్ను చూసి నవ్వు ఆపుకొని పక్క సందులోకి తిరుగుతున్నారు.

మన చుట్టాలు ఆ రోజు హాలుకు ఎందుకు వచ్చారనుకున్నారు? సినిమా మీద ప్రేమతోనా? చిన్న సినిమాలన్నిటికీ ఇంతే. బయట మైకు ముందు నిలబడేది సొంతవాళ్లే, సొంతవాళ్లమని చెప్పకుండా పొగిడేదీ వాళ్లే. మామ కొడుకు లక్ష్మణ్ పొద్దుటాటకు చారల చొక్కాలో "గుండె పిండిండన్నా" అన్నాడు. మ్యాట్నీకి తెల్లచొక్కా తొడుక్కొని "జీవించిండు" అన్నాడు. మా అత్తమ్మ హాలు లోపలికి పోకముందే మైకు దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది. వాళ్లందరినీ వదిలేసి లోకం మిమ్మల్ని పట్టుకుంది.

నేను పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలి వచ్చింది ఈ పని కోసమే. అప్పుడు మీరు "ఆలోచించుకో" అన్నారు. ఆ ఒక్క మాట నిజమని చూపించడానికి మెట్ల మీద నిలబడ్డారా? అట్లయితే చూపించారు, శాంతించండి. కాగజ్‌నగర్ అమ్మాయి నిషాత్ 'మూడో షిఫ్టు' అని సినిమా తీస్తోంది. కాగితం మిల్లు మూతపడిన రోజుల కథ. అందులో కార్మిక నాయకుడి వేషం నాకు ఇస్తానన్నది. మాటలన్నీ నావే. శుక్రవారం తర్వాత "చూద్దాం సార్" అంటోంది. ఇది కూడా పోతే నేను పంతులునూ కాను, నటుణ్నీ కాను.

కాబట్టి అక్కా, ఒక్క పని చేయి. ఆ రోజు తలనొప్పితో సగం సినిమా చూడలేదని, మళ్లీ చూస్తే ఏడుపు ఆగలేదని ఒక వీడియో చేసి పంపు. లస్మవ్వ మనవరాలు తీస్తుంది. నిమిషం పని.

శరత్‌చంద్ర

*

నిర్మల్,
24 నవంబర్ 2024

చిరంజీవి శరత్‌కు,

పై సగంలో గారు, కింది సగంలో అక్క అయ్యాను. కింది సగానికి జవాబు రాస్తున్నాను.

నాకు తలనొప్పి రాలేదు. సినిమా మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఆ వీడియో నేను చేయను.

ఉద్యోగం సంగతికీ దీనికీ పొత్తు పెట్టకు. ఆలోచించుకో అన్నాను, నువ్వు ఆలోచించుకున్నావు, వదిలావు. నాకు అక్కడితో అయిపోయింది.

మొన్న శుక్రవారం ఒక పెద్ద హీరో సినిమాకు వెళ్లాం. హీరో తలుపు తీస్తే ఒక పాట, కారు దిగితే ఒక పాట. విలన్లు ఆయన నడిచి వచ్చేదాకా కొట్లాట ఆపి నిలబడ్డారు. చివరికి కథ ముగియలేదు, రెండో భాగంలో చూడమన్నారు. నిర్మల్ హాలు దగ్గరకు కూడా మైకులు వచ్చాయి. నన్ను గుర్తుపట్టి చుట్టుముట్టారు. "హీరో నడుసుడే సగం సిన్మా. కథ ఎనుకనుంచి ఉరికింది గని అందుకోలే" అన్నాను. లస్మవ్వను అడిగితే "ఏసీ మంచిగున్నది, నిద్ర పట్టింది" అన్నది. ఆమెకు నాకంటే ఎక్కువ చప్పట్లు కొట్టారు.

అంతకు ముందు వారం ఒక దయ్యం సినిమా. దయ్యం వట్టిది. దాన్ని చూసి బిడ్డకు తెలియకుండా భయపడిన తండ్రి మాత్రం బాగా చేశాడు. అదీ అడిగారు, చెప్పాను.

నీకు పనికొస్తుందంటే నిషాత్‌కు నేనే ఒక ఉత్తరం రాస్తాను. నువ్వు కష్టపడే మనిషివని, చెబితే వినేవాడివని రాస్తాను. అది నిజం కాబట్టి రాయగలను.

అక్క,
జానకి

*

కరీంనగర్,
3 డిసెంబర్ 2024

జానకీబాయికి,

నిషాత్‌కు ఉత్తరం రాస్తానని బెదిరిస్తున్నావా? కష్టపడే మనిషి అని రాస్తావా? నటుడి గురించి కష్టపడతాడని ఎవరైనా రాస్తే దాని అర్థం ఏమిటో నీకు తెలుసు, నాకు తెలుసు, నిషాత్‌కు ఇంకా బాగా తెలుసు. రాయకు. నీ సాయం వద్దు.

నువ్వు రాయకముందే నీ వీడియోలన్నీ చూశాను. నీకు పేరు కూడా పెట్టారు, 'నిర్మల్ పెద్దక్క'. శుక్రవారం అయితే చాలు, పెద్దక్క ఏమన్నది, పెద్దక్క ఏమన్నది. దయ్యం సినిమాలో తండ్రి బాగా చేశాడా? వాడు నాకు తెలుసు. మంచిర్యాల నాటక పోటీల్లో నా తర్వాత నిలిచినవాడు. వాడికి బాగా చేశాడని, నాకు రాలే అని. ఏం పాపం చేశానక్కా నీకు?

ఇంట్లో నవనీత అంటుంది, "వదినె మనసుల ఏం లేదు, ఊకోండి" అని. నవనీతకేం తెలుసు.

రాలేదన్నావు. పోనీ. నచ్చలేదన్నావు. అదీ పోనీ, ఏడ్చి ఊరుకునేవాణ్ని. ఆయన ఎవరో ఎర్కనా అంటే తెల్వదు అన్నావు చూడు. అప్పుడు నీ ముఖం చూశాను, ఆపి ఆపి చూశాను. కనురెప్ప కదలలేదు. మెట్‌పల్లి బడిలో నా మొదటి నాటకానికి కాటుకతో మీసం దిద్దింది నువ్వు. చెమటకు మీసం కారితే తెర వెనక కొంగుతో తుడిచి మళ్లీ దిద్దింది నువ్వు. నేను వేషం బాగా వేయలేదని తమ్ముణ్నే కాదంటావా? నా నటన నచ్చకపోతే నేను నీకు ఏమీ కానా?

పొద్దున లేస్తే జపం, పారాయణం. అసత్యం ఆడని మనిషివని కులమంతా చెప్పుకుంటుంది.

ఇట్లు,
నీకు తెలియని మనిషి

*

నిర్మల్,
8 డిసెంబర్ 2024

శరత్‌కు,

నీ కోపం ఏడుపు రాలేదన్నందుకు అనుకున్నాను. తెల్వదు అన్నందుకా.

ఆ రోజు నేను నిర్మల్ బస్టాండులో ఉండగా నవనీత ఫోను చేసింది. అన్నది అన్నట్టు రాస్తున్నాను. "వదినె, మైకు పెడ్తె మేం చుట్టాలమని అనొద్దట. ఆయన మరీ మరీ చెప్పుమన్నడు. ఇంక మంచిగున్నదని చెప్పాల్నట."

రెండు పనులు చెప్పింది. రెండోది నా వల్ల కాలేదు. ఒకటైనా నీ మాట నిలబెడదామని మొదటిది చేశాను.

ఆ మెట్ల మీద నేను ఆడిన అబద్ధం ఒక్కటే. అది నువ్వు ఆడమన్నదే. ఇంటికి వచ్చి దేవుని ముందు చెంపలు వేసుకున్నాను. చెప్పించినవాడివి, నువ్వు వేసుకున్నావా?

జానకి

*

కరీంనగర్,
16 డిసెంబర్ 2024

అక్కకు,

చుట్టాలమని అనొద్దన్నది పొగిడేవాళ్లకు. తెగడేవాళ్లకు కాదు. ఇది కూడా విడమరిచి చెప్పాలా? నువ్వు నన్ను బాగాలేదని అనదలచుకున్నప్పుడు, 'వాడు మా తమ్ముడే' అని అంటే ఏం పోయేది? ఇంటి గొడవలే అని జనం సరిపెట్టుకునేవాళ్లు. నవ్వి ఊరుకునేవాళ్లు. ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి, పూజ చేసుకొని వచ్చి, ఏ కక్షా లేకుండా బాగాలేదన్నది కాబట్టే అది అంత దూరం పోయింది. నువ్వు నాకు చేసిన ద్రోహం నీకు అర్థం కావడానికి ఇంతకంటే తేటగా రాయలేను.

అది సరే. నా పని నేను చేసుకున్నాను.

ఆ వీడియో వేసినవాళ్లను పిలిపించాను. ఆమె మా సొంత అక్క అని చెప్పాను. భూమి కాడ మా ఇద్దరికీ తగాదా ఉన్నదని, ఆ కసితో అన్నదని చెప్పాను. మొన్న వేశారు. ఎర్రక్షరాల్లో 'పెద్దక్క అసలు కథ' అని పెట్టారు. నిషాత్‌కు కూడా అదే చెప్పాను. ఆమె "అట్లనా సార్" అన్నది. ఇప్పుడు పర్శరాములు మళ్లీ ఫోను ఎత్తుతున్నాడు. లక్ష్మణ్ ఇంకో చొక్కా వేసుకొని దాని మీద కూడా మాట్లాడాడు.

నాకు ఇంకో తోవ లేదు. నువ్వు ఒక నిమిషం వీడియో చేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇప్పుడు నీ మాటకు ఎంత విలువ ఇవ్వాలో అందరికీ తెలిసింది.

ఇట్లు,
ఇప్పుడు లోకమంతటికీ నీ తమ్ముడినైన
శరత్‌చంద్ర

*

నిర్మల్,
22 డిసెంబర్ 2024

శరత్‌చంద్రకు,

గుడిలో తీర్థం తీసుకుంటుంటే ఒకామె దగ్గరకు వచ్చి "ఎన్ని గుంటల కాడ పంచాయితక్కా?" అని అడిగింది. ప్రేమగానే అడిగింది. వాళ్లింట్లో కూడా ఉందట, మంచి వకీలు ఉన్నాడు, చెప్పమంటావా అన్నది.

మీ బావ ఆ వీడియో చివరి దాకా చూశారు. ఫోను బోర్లించి పెట్టి "వాడు మన గడప తొక్కద్దు" అన్నారు. ఆయన ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోరు, నీకు తెలుసు.

బాపు పోయినాక పొలం గట్టు మీద అందరూ నిలబడి ఉంటే "తమ్మి ఎట్లంటె అట్ల" అన్నాను. నువ్వు ఎట్లన్నావో అట్లే జరిగింది. ఆ తర్వాత భూమి అనే మాట నా నోట ఎన్నడూ రాలేదు. ఆ మాటను ఇప్పుడు నువ్వు నా నోట్లో పెట్టావు.

నిన్న నిషాత్ వచ్చింది. నేను రాయలేదు, పిలవలేదు. నిర్మల్‌లో బొమ్మలు చేసేవాళ్లతో ఏదో పని ఉండి వచ్చి, లస్మవ్వను అడిగి మా ఇల్లు పట్టుకుంది. జొన్నరొట్టె తిన్నది. తగాదా నిజమేనా అని అడిగింది. లేదన్నాను. దాంతో నువ్వు ఆమెకు చెప్పింది ఏమిటో ఆమెకు అర్థమైంది. దానికి నేను చేయగలిగింది లేదు.

ఇంకొకటి అడిగింది. "మీ తమ్మునికి ఇంట్ల బాధొస్తె ఎట్లుంటడు ఆంటీ?" అన్నది.

"మాట్లాడడు" అన్నాను. "బాపు పోయిన్నాడు ఒక్క మాట మాట్లాడలే. పందిరి గుంజలు కట్టుకుంట తిరిగిండు."

ఇది నువ్వు ఇంకొకరి నోట వినకముందు నేనే రాస్తున్నాను.

దేవుని దగ్గర నీ పేరు చెప్పడం మానలేదు. అంతకు మించి నాతో కాదు. కొన్నాళ్లు రాయకు.

జానకి

*

కాగజ్‌నగర్,
12 మార్చి 2025

అక్కకు,

రాయకు అన్నావు. రాయకపోతే ఇది నాలోనే కుళ్లిపోతుంది.

నీ దయవల్ల నాయకుడి వేషం పోయింది. దాన్ని హైదరాబాదు నుంచి వచ్చినాయన చేస్తున్నాడు. నాకు గేటు దగ్గర వాచ్‌మన్ వేషం ఇచ్చారు. ఒక్క మాట లేదు. దగ్గు కూడా లేదు. నిషాత్‌ను అడిగాను, "ఒక్క డైలాగన్న పెట్టమ్మా, నేను పద్యం పాడితే మైకు లేకున్నా ఆఖరు బెంచీకి వినవడేది." ఆమె అన్నది, "అందుకే సార్. మీ అక్క చెప్పింది విన్నంక నేను మీ మాటలన్ని కొట్టేసిన."

విన్నావా? ఉద్యోగం వదిలినవాడి నోరు కుట్టించి పెట్టావు. బాపు చచ్చిన నాటి సంగతి పరాయి పిల్లకు చెప్పావు. పందిరి గుంజల సంగతి చెప్పావు. అది నా ఇంటి బాధ, దాన్ని రొట్టెతో పాటు వడ్డించావు.

రోజూ ఎండలో గేటు దగ్గర నిలబడతాను. తాళం వేయి సార్ అంటుంది. వేస్తాను. మళ్లీ అంటుంది. "సార్, జర నటించకుండ్రి" అంటుంది. నటించడానికి పిలిచి నటించకుండ్రి అంటే ఏం చేయాలి? నిన్న విసుగొచ్చి, ఇంక నీ ఇష్టం అని ఏదీ అనుకోకుండా తాళం వేసి ఇవతలికి వచ్చాను. అది చాలన్నది. నా ఖర్మ.

విడిచిపెట్టి వచ్చేవాణ్ని. ఎక్కడికి రావాలి? కరీంనగర్‌లో మా ఇంటి తలుపు మీద ఎవడో నీ మాట సుద్దతో రాసిపెట్టాడు. నవనీత తుడిచింది, నాకు చెప్పలేదు. మరక ఉంది.

భూమి సంగతి నేను తప్పే అన్నాను. ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ నన్ను ఆ మాట దాకా తెచ్చింది ఎవరు?

ఒక్కటే అడుగుతున్నా. ఈ సినిమా వచ్చినప్పుడు నువ్వు హాలుకు రావద్దు. మైకు ముందు నిలబడవద్దు. మంచీ వద్దు, చెడూ వద్దు. నన్ను వదిలేయి.

శరత్

*

నిర్మల్,
18 మార్చి 2025

శరత్‌కు,

తప్పు అన్న మాట చదివాను. మీ బావకు కూడా చదివి వినిపించాను. తర్వాతి వాక్యం చదవలేదు. అది నువ్వు రాయకుండా ఉంటే బాగుండేది.

నిషాత్‌కు చెప్పింది నిన్ను చెడగొట్టాలని కాదు. అడిగింది, చెప్పాను. నా దగ్గర అడిగినవాళ్లకు చెప్పడానికి ఇంకొక రకం జవాబు లేదు. ఇది గుణమో జబ్బో నాకు తెలియదు.

సినిమాకు రావద్దన్నావు. టికెట్టు కొనుక్కున్న మనిషిని రావద్దనే హక్కు తీసినవాళ్లకే లేదు, గేటు కాడ నిలబడ్డవాడికి ఎక్కడిది? వస్తాను.

ఈ మధ్య మన దిక్కు పల్లెల మీద తీసిన సినిమాలు వరుసగా చూశాం. పెళ్లికి తాగుతారు, చావుకు తాగుతారు, మధ్యలో కథ కోసం తాగుతారు. ఆడవాళ్లు వాకిట్లో నిలబడి తిడతారు. మన పల్లెలో పొద్దున లేచి పనికి పోయేవాళ్లు వీళ్లకు ఎవరూ దొరకలేదా అనుకున్నాను. నిషాత్ పని చేసేవాళ్ల మీద తీస్తోందంటే చూడాలనే ఉంది.

ఎండకు తలకు తువ్వాల చుట్టుకో.

జానకి

*

కరీంనగర్,
29 జులై 2025

అక్కా,

నువ్వు వచ్చావు. వస్తావని తెలుసు.

శుక్రవారం సాయంత్రం ఫోనులో పంపారు, నిర్మల్ హాలు ముందు నువ్వు. మైకులు అన్నీ నీ మీదే. నవనీత వద్దు వద్దంటుంటే పెట్టుకొని విన్నాను.

"పెద్దక్కా, మీ తమ్ముడున్నడట గదా ఇండ్ల?"

"ఉన్నడు. గేటు కాడాయన. ఆయన మా తమ్ముడు."

"ఎట్ల చేసిండు?"

"మంచిగ చేసిండు. నాకు ఏడుపొచ్చింది."

ఆ తర్వాత నువ్వు కొంగుతో ముక్కు తుడుచుకున్నావు. దాన్ని నెమ్మదిగా తిప్పి చూపించారు.

కింద ఏమని రాశారో నీకు తెలియదు, నువ్వు అవి చదవవు. నేను రాస్తాను. "సొంత తమ్ముడు గదా, ఏడుస్తది." "భూమి పంచాయితి తెగినట్టుంది." "రిజిస్ట్రేషన్ అయిపోయిందోచ్." "పెద్దక్క కూడా అమ్ముడుపోయింది." లక్ష్మణ్ ఈసారి నిజంగానే సినిమా చూసి, నిజంగానే బాగుందని చెప్పాడట. వాడి చొక్కాను గుర్తుపట్టి నవ్వారు.

ఒక్కడూ నమ్మలేదు. నేను నవ్వుకున్నాను అక్కా. చాలా నెలలకు నవ్వాను.

నేను కూడా నమ్మలేదు. నమ్మడానికి ఏముంది అందులో? తెర మీద ఎంతసేపు ఉన్నాను? తాళం వేశాను, పక్కకు జరిగాను. ఎవరైనా వేస్తారు తాళం. అది నటన అంటే మా కాలేజీ చప్రాసి నాకంటే పెద్ద నటుడు.

కానీ నీ అంతటి మనిషి, తలనొప్పి అనమంటే అననిదానివి, నిమిషం వీడియో చేయనన్నదానివి, నాకోసం మైకు ముందు నిలబడి అబద్ధం ఆడావు. మా తమ్ముడు అన్నావు. నాకు అది చాలు. ఇంక నీ మీద నాకు కోపం లేదు. నువ్వు ఒక మాట అన్నావు, నేను ఒక మాట అన్నాను, ఇద్దరం ఒక్కొక్క మెట్టు దిగాం. చెల్లుకు చెల్లు.

బావతో నేనే వచ్చి మాట్లాడతాను, కాళ్లు పట్టుకుంటాను. నీ నంబరు మీద ఆపింది తీసేశాను. రాఖీ పున్నానికి రా. నవనీత నీకిష్టమని సకినాలు చేస్తానంటోంది, సంక్రాంతి కాకపోయినా.

చిరంజీవి అని రాయి మళ్లీ.

నీ తమ్ముడు,
శరత్

*

నిర్మల్,
3 ఆగస్టు 2025

శరత్,

ఫోను చేయవచ్చు. కానీ ఇది కాగితం మీద ఉండాలి.

పున్నానికి నేను రాను.

నేను నీకోసం అబద్ధం ఆడలేదు. నువ్వు ఆడాననుకొని సంతోషపడ్డావు. ఆ సంతోషం నేను తీసుకోలేను.

ఆ సినిమాలో చూసింది రాస్తాను. మిల్లు మూసిన సాయంత్రం అందరూ సైకిళ్లు పట్టుకొని వెళ్లిపోతారు. నాయకుడి వేషం వేసినాయన చాలాసేపు మాట్లాడాడు, బాగానే మాట్లాడాడు, వింటూ నేను కండువా రంగు చూస్తున్నాను. ఆయన వెళ్లాక వాచ్‌మన్ గేటుకు తాళం వేశాడు. తాళం పడింది. అయినా ఒకసారి గుంజి చూశాడు. తాళంచెవి ఎవరికి ఇవ్వాలా అని రోడ్డు ఈ దిక్కు, ఆ దిక్కు చూశాడు. తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. అంగీ జేబులో వేసుకున్నాడు. పొద్దు పోయినా అట్లాగే నిలబడ్డాడు, ఇంటికి పొమ్మని ఎవరూ చెప్పలేదు కాబట్టి.

అక్కడ నాకు నా తమ్ముడు కనబడలేదు. గొంతు బాగుందని తట్టలేదు, గొంతే లేదు. ఆ మనిషి రేపు పొద్దున ఎక్కడికి పోతాడు అనుకున్నాను. లస్మవ్వ నా చేయి పట్టుకొని "ఏమైందక్కా?" అన్నది. ఆమె నిద్రపోలేదు ఆ రోజు.

ఎవరైనా వేస్తారు తాళం అన్నావు. అట్లా వేయడానికి నీకు ఎన్ని రోజులు పట్టిందో మార్చిలో నువ్వే రాశావు. నువ్వు ఖర్మ అన్నది ఆ అమ్మాయి పనితనం. నీది కూడా.

జనం నమ్మలేదని నవ్వావు. మన మధ్య భూమి ఉందని వాళ్లకు చెప్పింది నువ్వు. ఇంక నేను ఏ సినిమా గురించి ఏమన్నా దాని కింద ఆ భూమి ఉంటుంది. నాకు మైకులు లేకపోతే పోయేదేమీ లేదు. ఈ శుక్రవారం పక్క గేటు నుంచి బయటికి వచ్చాం. కానీ బాగా చేసినవాణ్ని బాగా చేశావని చెబితే వాడే నమ్మకపోవడం నాకు కష్టంగా ఉంది.

చెల్లుకు చెల్లు కాలేదు శరత్. నేను మెట్టు దిగలేదు. నువ్వు ఎక్కావు. అది నీకు ఎందుకు అంత చేదుగా ఉందో ఆలోచించుకో.

నేను అబద్ధం ఆడానని నువ్వు అనుకున్నన్నాళ్లు నీ చేతికి రాఖీ కట్టను. కట్టినా అది అబద్ధం ఆడిన అక్క కట్టినట్టవుతుంది, నేను కాను. మీ బావ దగ్గరకు కూడా అప్పటి దాకా రాకు. ఒకసారి నువ్వే ఎవరికీ చెప్పకుండా హాలుకు వెళ్లి, వెనక వరసలో కూర్చొని, ఆ వాచ్‌మన్‌ను చూడు. బాగా చేశాడని నీకు అనిపిస్తే ఒక్క ముక్క రాయి. నేను బస్సెక్కుతాను. పున్నం దాటినా సరే.

మొదటి సినిమాకు నేనన్నది వెంటనే నమ్మావు. తొమ్మిది నెలలు కోపం తెచ్చుకునేంత నమ్మావు. ఇదీ ఆ నోటితోనే చెప్పాను.

జానకి